తిరిగి రావడానికి చమురుందా?

మర్రే పెంగెలీ మనిషిని చూసినా, ఓడను చూసినా అడిగేది ఒక్కటే ప్రశ్న: "వెళ్ళడం సరే, తిరిగి రావడానికి చమురుందా?" ఆస్ట్రేలియాలో వాళ్ళ ఊరు టౌన్స్‌విల్‌లో ఆ ప్రశ్న బారిన పడని మనిషి లేడు. పళ్ళ డాక్టరుగా ఉన్న రోజుల్లో రోగి నోరు బార్లా తెరిపించి, అందులో సామానంతా కుక్కి, సరిగ్గా అప్పుడే అడిగేవాడట, కార్లో పెట్రోలుందా అని. పాపం, వాళ్ళు కళ్ళతో జవాబు చెప్పుకునేవాళ్ళు. సొంత కూతురి పెళ్ళిలో కొత్త జంట కారెక్కి చేతులూపుతుంటే, ఈయన వెనక్కి వెళ్ళి పెట్రోలు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. ఆ ఫొటోల్లో ఆయన వీపే తప్ప మొహం లేదు.

అలాంటి మనిషికి చమురు బాధ్యత అప్పగించి యుద్ధం గెలుద్దామనుకోవడం రోనా కియో చేసిన సాహసం. రోనా హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఇప్పుడు బంతులాట ఆడే బౌల్స్ క్లబ్ వెనక హాల్లో మహా సేనాని. బల్లలన్నీ కలిపి, వాటిమీద పసిఫిక్ సముద్రం పటం పరిచి, శనివారం శనివారం నెలల తరబడి ఆడే నౌకాయుద్ధం ఆట అది. ఓడలంటే అట్టముక్కలు, జట్టులో ఒక్కొక్కరికీ కొన్ని. ఎదుటి పక్షం ఉత్తరాన ఉన్న కెయిర్న్స్ ఊరి క్లబ్బు. బహుమతి ఒక పాత ఇత్తడి ఓడ గంట. అది ఏళ్ళ తరబడి కెయిర్న్స్ వాళ్ళ బార్లోనే వేలాడుతోంది. అక్కడ బీరు తాగిన ప్రతివాడూ దాన్ని ఓ మోత మోగించి పోతాడు. ఈ ఏడాది ఆ గంట తేకపోతే సేనాని పదవి వదిలేస్తానని రోనా అందరి ముందూ ఒట్టేసింది.

ఈసారి చీటీల్లో ఆవిడ జట్టుకు జపాను పక్షం వచ్చింది. చమురు బావులేమో బోర్నియోలో, యుద్ధమేమో ఎక్కడో తూర్పున, మధ్యలో బోలెడు సముద్రం. చమురంటే సోంపు వాసన కొట్టే నల్ల జెల్లీ మిఠాయిలు. ట్యాంకరంటే జామ్ సీసా మూత. మూతల్లో మిఠాయిలు పోసుకుని, పెళ్ళికూతుర్ని నడిపించినంత జాగ్రత్తగా మర్రే వాటిని పటం మీద జరుపుకుంటూ వచ్చేవాడు. దారిలో జలాంతర్గామి ముంచేస్తే, ముంచినవాళ్ళు ఆ మిఠాయిలు తినేయొచ్చు. అది క్లబ్బుల ఆనవాయితీ. కెయిర్న్స్ జలాంతర్గాములు నడిపే ట్రిష్‌కి ఏ శనివారం చూసినా పళ్ళు నల్లగా ఉండేవి.

"ఆ పళ్ళు చూడు రోనా! కడుపు తరుక్కుపోతోంది," అనేవాడు మర్రే. చమురు పోయినందుకో, పళ్ళు పోతున్నందుకో ఎవరికీ అంతుపట్టేది కాదు.

ఒక శనివారం రోనా వచ్చేసరికి తన పెద్ద యుద్ధనౌకలన్నీ తూర్పున లేవు. అన్నీ బోర్నియో బావుల పక్కన గేదెల్లా పడుకుని ఉన్నాయి.

"మర్రే! యుద్ధం అటుంటే ఓడలు ఇటున్నాయేమిటి?"

"ఊరికే నిలబడ్డా తాగుతాయమ్మా అవి. తాగేవాళ్ళని బావి దగ్గరే కూర్చోబెట్టా. చమురు మోసే ఖర్చు తగ్గింది కదా!"

"మరి యుద్ధం?"

"వెళ్ళు, ఎవరొద్దన్నారు? తిరిగి రావడానికి చమురుందా?"

రోనా తల పట్టుకుంది. కానీ కాదనలేకపోయింది. చమురు లేక ఆగిపోతే ఏమవుతుందో ఆ జట్టులో అందరికీ తెలుసు. ఓడలు ఆగిపోయినవాడికి ఆటలో పని ఉండదు. పని లేనివాడు టీ పెట్టాలి. కొన్ని వారాలు పెడతాడు, ఆ తర్వాత రావడం మానేస్తాడు.

ఈసారి ఆ గతి బెవన్‌కి పట్టింది. కిందటి చలికాలంలో భార్య పోయాక, ఇంట్లో ఉండలేక క్లబ్బులో చేరినవాడు. రోనా మాట విని ఉత్సాహంగా దూసుకుపోయి, పటంలో దక్షిణాన ఉన్న రబౌల్ రేవులో చుక్క చమురు లేకుండా చిక్కుకుపోయాడు. అప్పటినుంచీ వంటగదే అతని రేవు. వారం వారం టీ పలచబడుతూ వచ్చింది. "ఇక నేను రాకపోయినా మీకు లోటేం లేదులే," అన్నాడొకసారి కప్పులు తుడుస్తూ. రోనా పటంలోంచి తల ఎత్తకుండానే "అయ్యో, అదేం మాట," అంది.

ఆఖరి శనివారం వచ్చింది. బెవన్‌ని మర్రే తన కార్లో ఎక్కించుకొచ్చాడు. తూర్పున ఉన్న విమాన వాహక నౌకలన్నీ ఒక్క దెబ్బకి కెయిర్న్స్ వాళ్ళ మీద పడితే గంట మనదే. రోనా చొక్కా చేతులు పైకి మడిచి, "మర్రే, చమురు పొయ్యవయ్యా!" అంది.

మర్రే కదల్లేదు.

"ఏవయ్యా, మూతలేవి?"

"రబౌల్ చేరాయి."

హాలంతా నోరెళ్ళబెట్టింది. ట్రిష్ నోట్లో మిఠాయి నోట్లోనే ఉండిపోయింది. మూతలు తూర్పుకు కదులుతుంటే అవి తన నౌకల కోసమే అనుకుంది రోనా. ఎప్పుడు దక్షిణానికి మళ్ళాయో చూడనే లేదు.

"నీ దుంప తెగ! అక్కడున్నవి బెవన్ తుప్పు ఓడలు కదయ్యా! ఉన్న చమురంతా వాటికి పోశావా? మరి నా నౌకల సంగతో?"

"నీ నౌకలు వెళ్ళొచ్చు రోనా. తిరిగి రావడానికే లేదు. తిరిగి రాని ఓడ మునిగినట్టే కదా."

ఈలోగా వంటగదిలోంచి తుడిచే గుడ్డ భుజాన వేసుకుని బెవన్ పరుగెత్తుకొచ్చాడు. "నా ఓడలు కదుల్తాయా? నిజంగానా?" అంటూ పటం మీద వాలిపోయాడు. సాయంత్రం దాకా ట్రిష్ జలాంతర్గాములకు చిక్కకుండా దీవుల చాటున దాక్కుంటూ, కేకలు పెడుతూ, ఓడలన్నిటినీ ఇంటికి చేర్చాడు. కెయిర్న్స్ వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత గంట పట్టుకుని వెళ్ళిపోయారు.

కార్ల దగ్గర రోనా మర్రేని పట్టుకుంది. "ఎందుకు చేశావ్? నిజం చెప్పు."

"ఓడ కదిలితే మనిషి వస్తాడమ్మా. ఆగిపోతే రాడు." మెల్లగా అన్నాడు: "నువ్వు చేరిన ఏడాది నీ ఓడలు డార్విన్ రేవు దగ్గర ఆగిపోయాయి, గుర్తుందా?"

గుర్తులేకపోవడమేం? బడి వదిలేసి ఏం తోచక చేరిన ఏడాది. ఇక మానేద్దామనుకుంటుండగా ఎక్కడినుంచో చమురొచ్చింది. అదంతా తన తెలివే అని ఇన్నాళ్ళూ మురిసిపోయింది.

"ఆ ఏడాదీ ఓడిపోయాం కదూ?"

"ఓడిపోయాం."

"అంతకు ముందు ఏడాది?"

"అప్పుడు కాలిన్ ఆగిపోయాడు."

రోనా హాలు గుమ్మంవైపు చూసింది. కాలిన్ కుర్చీలు సర్దుతున్నాడు. ఇంకొకళ్ళెవరో పటం చుడుతున్నారు. అందరూ ఏదో ఒక ఏడాది ఆగిపోయినవాళ్ళే. ఆ గంట ఇన్నేళ్ళుగా కెయిర్న్స్‌లో ఎందుకు వేలాడుతోందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. తిట్టాలని నోరు తెరిచింది కానీ, తిట్టు రాలేదు, నవ్వొచ్చింది.

అప్పుడే వచ్చి మర్రే కారు ఎక్కుతున్న బెవన్ అటునుంచి అరిచాడు: "సేనానీ! వచ్చే ఏడాది నాకు పెద్ద ఓడలిస్తావా?"

పదవి వదిలేస్తానన్న ఒట్టు రోనాకి గుర్తే రాలేదు. కారు దగ్గరికి నడిచి, కిటికీలోంచి తల దూర్చి అడిగింది:

"అది తర్వాత. ముందిది చెప్పు, శనివారం తిరిగి రావడానికి పెట్రోలుందా?"