ఊట దొరికిన శనివారం

మా ఆయన చనిపోయిన ఏడాది, పక్కింటావిడ వెంట మొదటిసారి చర్చికి వెళ్ళాను. గోపాలపట్నంలో రేకుల షెడ్డు కింద నడిచే చిన్న సంఘం మాది. ఆరేళ్ళపాటు అందరికన్నా వెనక చాప మీదే కూర్చున్నాను. బాప్తిస్మం తీసుకోమని ఎవరూ బలవంతం చేయలేదు. తీసుకుంటానని నేనే ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారితో చెప్పాను.

మా నాన్నకి చెప్పడమే కష్టమైంది. పల్లెలో పొలం కౌలుకిచ్చి, నాకు తోడుగా ఉండటానికి వచ్చిన మనిషి. రోజూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టుకుంటాడు. నా మాట విని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"నీ మనసుకి సాంతి దొరికితే అలగే కానీ. నన్ను మాత్రం రమ్మనకమ్మా" అన్నాడు.

మా సంఘంలో బాప్తిస్మాలకి ట్యాంకరు నీళ్ళతో సిమెంటు తొట్టి నింపేవారు. ఆ వేసవిలో మా వీధులకి రోజు విడిచి రోజు నీళ్ళు వస్తున్నాయి. "ఆడవాళ్ళు బిందెలతో వరసలో నిలబడుతుంటే, తొట్టెడు నీళ్ళు మన కోసం తెప్పించడానికి నాకు మనసు రావడం లేదు. మన వెనకాలే దేవుడిచ్చిన గెడ్డ ఉంది" అన్నారు అయ్యగారు.

ఆ గెడ్డ పేరెత్తగానే అందరం మొహాలు చూసుకున్నాం. కొండ మీంచి దిగే ఆ వాగులో అప్పటికి నీళ్ళకన్నా ప్లాస్టిక్ సంచులే ఎక్కువ. అయినా శనివారం పొద్దున్నే చేతులకి తొడుగులు వేసుకుని దిగాం. మొదటి వారం గోతాల కొద్దీ చెత్త తీశాం. రెండో వారానికి మళ్ళీ అంతే ఉంది. మూడో వారం సగం మందే వచ్చారు.

ఆ రోజు నేను గెడ్డ నుంచే డ్యూటీకి పట్టుకెళ్ళాల్సిన టిఫిన్ డబ్బా మరిచిపోతే నాన్న పట్టుకొచ్చాడు. గట్టు మీద నిలబడి మేం చేస్తున్న పని కాసేపు చూశాడు.

"ఎవులు సెప్పీరు మీకు, కిందనుంచి తియ్యమని? పైన కదిల్తే సెత్తంతా మళ్ళీ ఇక్కడికే వత్తాది కాదేటి!"

పంచె పైకి కట్టి, ఒకరి చేతిలోని పలుగు తీసుకుని ఎగువకి నడిచాడు. ఆయన వెనక అయ్యగారు, ఆ వెనక మేము. కొండ మొదట్లో రెండు బండల మధ్య తడిసి కుళ్ళిన పరుపు, పగిలిన టీవీ, మెత్తటి నల్ల బురద. పరుపు లాగించి, నాన్న మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి భుజం దాకా బురదలోకి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పల్లెలో ఈనే గేదె కడుపు తడుముతున్నప్పుడు ఆయన మొహం అలాగే ఉండేది.

"సల్లగున్నాది" అన్నాడు. "ఇక్కడే ఉన్నాదమ్మా ఊట. సచ్చిపోనేదు."

పలుగు దింపి ఒక రాయి పెకలించాడు. ముందు నల్లటి నీళ్ళు గుడగుడలాడుతూ వచ్చాయి. తర్వాత పచ్చగా, ఆ తర్వాత తేటగా. రాయి లేచిన గుంట అడుగున ఇసక రేణువులు వేపుడు మూకుట్లో ఆవాల్లా ఎగురుతున్నాయి. అవతల హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి, కానీ నాకు ఆ నీటి చప్పుడే వినబడింది. ఇన్నేళ్ళూ మేం ముక్కు మూసుకుని దాటిన చోట, ఆ మురికి కింద, ఎవరి కోసమూ ఆగకుండా ఆ నీళ్ళు పుడుతూనే ఉన్నాయి.

నాన్న దోసిలితో నీళ్ళు తీసుకుని నెత్తిన జల్లుకున్నాడు. "గంగమ్మ తల్లీ!" అన్నాడు. నేను భయంగా అయ్యగారి వైపు చూశాను. ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, నాన్న పక్కనే నిలబడి ఉన్నారు.

ఇంకో రెండు శనివారాలు పని జరిగింది. దిగువన ఇసక బస్తాలు పేర్చి నడుము లోతు మడుగు కట్టాం. ఎలా పేర్చాలో చెప్పింది నాన్నే. బాప్తిస్మం రోజు తెల్ల చీరలో నేను మడుగు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే నీళ్ళలో ఉన్నాడు.

"గట్టు జారిపోకుండా సూత్తన్నాను. నువ్వు కానీ" అన్నాడు, నా మొహంలోకి చూడకుండా.

అయ్యగారు నా వీపు కింద చెయ్యి పెట్టి ముంచారు. ఊపిరి బిగబట్టిన ఆ కాసేపు చలి, నిశ్శబ్దం, కళ్ళ మీద పచ్చటి వెలుగు. ఆ చేతి కింద ఇంకేవో చేతులు కూడా నన్ను మోస్తున్నట్టు అనిపించింది. అది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. పైకి లేచేసరికి ఎదురుగా నాన్న, తన తువ్వాలు చాచి.

"తుడుసుకో, జొరం వత్తాది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

తొలి వానలకి చెత్త మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాం, ఇప్పటికీ తీస్తున్నాం. నాన్న తన గుడికి వెళ్తాడు, నేను చర్చికి వెళ్తాను, శనివారం మాత్రం ఇద్దరం గెడ్డకి వెళ్తాం. మొన్నొక పొద్దున ఆయన నన్ను మోచేత్తో పొడిచి మడుగు అంచుకి చూపించాడు. చిటికెన వేలి గోరంత చేపపిల్లలు, గుంపుగా, ఏటికి ఎదురుగా నిలబడి ఉన్నాయి.

"ఎక్కణ్ణించి వచ్చాయి నాన్నా?"

"ఏటో తెల్దమ్మా" అన్నాడు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది. అవి బెదిరిపోతాయేమోనని ఇద్దరం కదలకుండా అలాగే నిలబడ్డాం. నాకు డ్యూటీకి ఆలస్యమైంది.