తోమని ఫ్లాస్కు

శకుంతలమ్మకు మురికంటే ఒళ్లుమంట. తిరుపతిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా అటెండరు. ఆయుధపూజ వచ్చిందంటే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. ఈసారీ ఫ్లాస్కులు, గాజు కడ్డీలు, బీరువా అరలు, దేన్నీ వదలకుండా తోమి, తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టింది.

పండగ వెళ్లిన రెండు వారాలకు రీసెర్చి చేసే జాహ్నవి తల పట్టుకుని కూర్చుంది. తాను తయారుచేసిన కొత్త మందును శుద్ధి చేద్దామని ఉన్నదంతా వేడినీళ్లలో కరిగించింది. చల్లారితే స్ఫటికాలు కట్టాలి. పన్నెండు రోజులైనా ఒక్క పలుకు లేదు. సోమవారానికి స్ఫటికం పరీక్షకు పంపకపోతే మూడేళ్ల కష్టం గంగపాలే.

"ఎందుకు కట్టలేదు మా?" అని అడిగింది శకుంతలమ్మ.

"దీని అణువులకు నీళ్లంటే శానా ఇష్టం అక్కా. నీళ్ల చేతులు పట్టుకోని వదిలేదే లేదు. నాలుగు అణువులు వరసగా నిలబడితే సాలు, మిగతావి వాటంతటవే వచ్చి చేరతాయి. మునుపు పాత ఫ్లాస్కుల్లో కంటికి కనబడని ఈ మందు పొడే ఉండి ఆ పని చేసేది. ఇప్పుడు అదీ లేదు."

శకుంతలమ్మ బీరువాలోని ఫ్లాస్కుల వైపు చూసింది. ఆ పొడిని కడిగిందెవరు? ఇంకెవరు, తనే!

"అయ్యో నా మతి మండా! నేనే తోమేసినాను కదమ్మా!"

జాహ్నవి ఫ్లాస్కును వెలుతురుకెత్తి మళ్లీ ఒకసారి చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది శకుంతలమ్మకు.

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. చిత్తూరు దగ్గర పల్లెలో బెల్లం వండేవాడు. పాకం పలుకు కట్టకుండా సతాయిస్తే పాత బెల్లం కాస్త నలిపి చల్లేవాడు. ఆ వెంటే ఇంకోటి గుర్తొచ్చి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కింది.

నిరుడు ఈ మందుకు మొదటిసారి స్ఫటికాలు వచ్చినప్పుడు, మెరుస్తున్నాయని ముచ్చటపడి జాహ్నవిని ఒకటి అడిగి తీసుకుంది. చిన్న సీసాలో వేసి ఇంట్లో స్వామి పటం ముందు పెట్టింది. సీసా అక్కడే ఉంది. దాన్ని పట్టుకుని ల్యాబుకు తిరిగొచ్చింది.

జాహ్నవి అందులోంచి చిన్న పలుకు తీసి ద్రావణంలో వేసింది. ఇద్దరూ ఫ్లాస్కు మీదికి వంగి చూశారు. కాసేపటికి పలుకు చుట్టూ సన్నటి సూదులు మొలిచాయి. సాయంత్రానికి అడుగంతా తెల్లగా మెరిసింది.

జాహ్నవి ఆమెను గట్టిగా వాటేసుకుంది. "నన్ను నిలబెట్టినావు అక్కా!" కొత్త స్ఫటికమొకటి అదే సీసాలో వేసి ఇచ్చింది. "ఇది మీ స్వామి దగ్గరే ఉండనీ. ఈడకన్నా ఆడే భద్రం."

శకుంతలమ్మ కళ్లు తుడుచుకుంటూ నాయనకు, స్వామికి కలిపి ఒకే దండం పెట్టింది.

మరుసటి ఆయుధపూజకు ల్యాబంతా తళతళలాడింది. ఒక్క ఫ్లాస్కు మాత్రం మురికిగానే ఉంది. దానికే అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది శకుంతలమ్మ.