నిమిషానికోసారి తలుపు తట్టే గంగాదేవి

టెలిఫోన్ లైన్‌మన్ ఈశ్వరప్ప నోరు మూయించిన మనిషిని రామాంజినమ్మ తన డెబ్భై ఏళ్ల బతుకులో ఒక్కదాన్నే చూసింది. ఆమె ఇంటి ముందు గదిలో అద్దెకుండే గంగాదేవిని.

ఆ రోజు ఈశ్వరప్ప సైకిలు కూడా దిగలేదు. గేటు ముందర ఒక కాలు నేలకు ఆనించి, "లైను బ్రమ్మాండంగా ఉండాది. నీ కంప్యూటరే చెడిపోయింటాది, సూపిచ్చుకో పో" అన్నాడు. నాలుగో నెల కడుపుతో ఉన్న గంగాదేవి అరుగు దిగి గేటు దగ్గరికొచ్చింది. చేతిలో పొడుగాటి కాగితం ఉంది.

"అన్నా, మంగళవారం పదకొండూ నలభై రెండుకు పోయింది, పన్నెండూ పదికి వచ్చింది. బుధవారం పదకొండూ ముప్పై అయిదు. గురువారం పదకొండూ యాభై. నిన్నా అంతే."

"లైనన్నాక పోతాది, వస్తాది. దానికి పురాణం రాస్తారా?"

"పోతే పోయిందిలే. నువ్వు మా సందులో స్తంభమెక్కిన పొద్దుకే ఎందుకు పోతాంది?"

"నేనెక్కినానని ఎవురు జెప్పినారు నీకు?"

"నీ సైకిలు చెప్పింది. స్తంభానికి ఆనిచ్చిపెట్టేది అదే గదా. అరుగు మీద అవ్వ కూర్చోనుండాది, అడుగు."

సాక్ష్యం చెప్పే భాగ్యం రామాంజినమ్మకు దక్కనే లేదు. మూల ఇంటి వాళ్ల ఫోను పలుకుతోందో లేదో చూడడానికి ఆ మహానుభావుడు రోజూ గంగాదేవి తీగ విప్పుతున్నాడు. "సర్లే తల్లీ, ఆ కాగితం లోపల పెట్టుకో" అని గొణిగి, నిచ్చెన తెచ్చుకొని, ఎక్కి సరిచేసి పోయాడు. తర్వాత రెండు నెలలు ఆ లైను ఒక్కసారీ పోలేదు.

వీధి మొత్తాన్నీ నోటితో గెలిచిన మనిషి రామాంజినమ్మ. గొంతు పెంచకుండా గడియారం చూపించి గెలిచేవాళ్లు కూడా ఉంటారని ఆ రోజు తెలిసింది. తెలిసినందుకు సంతోషించిందా అంటే, కొంచెం కుళ్లుకుంది.

గంగాదేవిది కంబదూరు పక్కన పల్లె. నాయన గొర్రెలు కాస్తాడు. ఇంటర్ అయ్యాక అనంతపురం వచ్చి కంప్యూటరు నేర్చుకుంది, లారీ డ్రైవరు కేశవను పెళ్లి చేసుకుంది. అతను నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. ఈమె పని మాత్రం గదిలోనే. బెంగళూరులో ఒక కంపెనీ ఉంది. పంటల బీమాకు వేరుశనగ రైతుల పేర్లు ఎక్కించే వెబ్‌సైటును నడిపేది వాళ్లే. జిల్లాలో ఏ మండలంలో కూర్చున్నా అందులో పేరెక్కించవచ్చు, అది లేచి ఉంటే. లేచి ఉందో పడి ఉందో కనిపెట్టి, పడితే అయిదు నిమిషాల్లోపల బెంగళూరుకు ఫోను చేయడం గంగాదేవి ఉద్యోగం.

మొదట్లో రామాంజినమ్మకు ఈ ఉద్యోగం మీద ఏమాత్రం గౌరవం లేదు. గదిలోకి తొంగి చూస్తే బొమ్మా లేదు, రంగూ లేదు. నల్లటి తెర, దాని మీద చీమల బారులా తెల్లటి అక్షరాలు.

"ఇదేం టీవీనే, ఒక్క మనిషీ కనపడడు?"

"టీవీ కాదవ్వా. ఇట్లా ఒక వరస రాసి మీట నొక్కితే, ఇది నిమిషానికోసారి పోయి ఆ వెబ్‌సైటు తలుపు తట్టి వస్తాది. లోపల పలికితే రెండొందలని అంకె రాస్తాది. పలక్కపోతే ఇంకో అంకె, లేదంటే సున్నాలు."

"తలుపు తట్టేదానికి ఇంటరు చదవల్లనా? మా మారెక్క సదువు లేకుండానే దినానికి పదిసార్లు తట్టి చక్కెర అడుక్కోని పోతాది."

పక్కింటి మారెక్క గోడ అవతల్నుంచి, "నా పేరెత్తకపోతే నీకు పొద్దు గడవదు గదమ్మా" అంది. గంగాదేవి నవ్వింది గానీ ఆ నవ్వులో కూడా కన్ను తెర మీదే ఉంది. తింటున్నా అటే చూపు, జడ వేసుకుంటున్నా అటే. నిమిషానికో వరస రాలుతుంది. రెండొందలు అని పడగానే ఊపిరి వదులుతుంది. వదిలిన ఊపిరి మళ్లీ పీల్చుకునేలోపు ఇంకో నిమిషం. చూడగా చూడగా ఆ జబ్బు రామాంజినమ్మకూ అంటుకుంది. రెండో తరగతిలో నేర్చిన అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయినా అంకెలు గట్టిగానే మిగిలాయి ఆమెకు. బియ్యం ఏరుతూ చాట మీంచి తల ఎత్తేది. రెండొందలు. ఇంకో నాలుగు రాళ్లు. రెండొందలు.

జులైలో వచ్చింది దెబ్బ. ఒక మధ్యాహ్నం వరసగా సున్నాలు రాలాయి. గంగాదేవి బల్ల మీది ఫోనెత్తి చెవికి పెట్టుకుంది. గుయ్యిమంటోంది. ఫోను పలుకుతోంది కాబట్టి మన లైను బాగున్నట్టే, పడింది వెబ్‌సైటే అనుకుంది. బెంగళూరుకు ఫోను చేసింది. అక్కడి వాళ్లు అన్నం ముందు నుంచి లేచి, ముందూ వెనకా చూడకుండా వెబ్‌సైటును ఆపి మళ్లీ మొదలుపెట్టారు. నిక్షేపంగా నడుస్తున్నది కాస్తా అప్పుడు నిజంగా పడింది. నలభై నిమిషాలు లేవలేదు. మండలాల్లో రైతులు వరసల్లో నిలబడి తిట్లు మొదలుపెట్టారు. తీరా చూస్తే తప్పు ఇంట్లోనే. ఫోను మాట్లాడే తీగ బాగానే ఉంది, అదే తీగ మీద వచ్చే ఇంటర్నెట్ ఒక్కటే పోయింది.

సాయంత్రం మేనేజరు ఫోను చేశాడు. అవతలి మాటలు రామాంజినమ్మకు వినపడలేదు. ఈమె "సార్, సార్" అనడం ఒక్కటే వినపడింది. ఈశ్వరప్ప నోరు మూయించిన మనిషికి ఇన్ని "సార్"లు ఎక్కడ దాగి ఉన్నాయో!

"ఏమంటాడు?"

"నెలాఖరు పేర్లెక్కించేదానికి ఆఖరి రోజంట. ఆ లోపల ఇంకొక్క తప్పు చేస్తే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడంట. కాన్పుకు సెలవడుగుదామనుకుంటి. ఇంక నోరెట్లా తెరిచేది అవ్వా?"

అప్పటికి తొమ్మిదో నెల దగ్గరపడింది. తొలి కాన్పుకు పుట్టింటికి పోవాలని తల్లి నల్లమ్మ రెండుసార్లు బస్సెక్కి వచ్చి ఏడ్చి పోయింది. ఆ పల్లెలో ఈ లైను లేదు, అందుకని ఈమె కదలలేదు. కాళ్లు వేరుశనగ బుడ్డల సంచుల్లా వాచాయి. డాక్టరమ్మ పడుకోమంటే ఈమె కుర్చీలో కూర్చునే కునుకు తీస్తోంది. తప్పు చేశానన్న భయంతో పదేసి నిమిషాలకు ఫోనెత్తి వింటోంది, పెడుతోంది.

రామాంజినమ్మకు ఒళ్లు మండింది.

"ఏమే, ఫోను వింటే ఏం తెలుస్తాది నీకు? మన కొళాయిలో నీళ్లు రాలేదనుకో, మనమేం జేస్తాం? మున్సిపాలిటీ వాళ్లను తిడతామా తటాలున? ముందు పక్కింటి కొళాయి చూస్తాం. మారెక్క బిందె నిండతాంటే పాచి పట్టింది మన గొట్టానికి. ఆ యమ్మదీ ఎండితే నీళ్లు వదల్లేదని అర్థం. ఈ ఊర్లో చంటిబిడ్డకు కూడా తెలుసు ఈ ముచ్చట. నీ పెట్టె తట్టేదానికి పక్కిల్లు లేదా?"

గంగాదేవి ఫోను పెట్టేసింది. కుర్చీ లాక్కొని, ఆ నల్లతెర మీద చాలాసేపు ఏదో రాసింది. మర్నాటి నుంచి నిమిషానికి రెండు అంకెలు రాలసాగాయి. ఎడమవైపుది రైతుల వెబ్‌సైటు. కుడివైపుది, లోకంలో ఎప్పుడూ పడదని పేరున్న ఇంకేదో పెద్దది. రెండూ పోతే మన లైనే పోయినట్టు, బెంగళూరు జోలికి పోకూడదు. ఎడమది ఒక్కటే పోతే ఫోను చేయాలి.

"నా బుద్ధి పెట్టినావు దాంట్లో, పేరు మాత్రం నీది" అంది రామాంజినమ్మ. వీధిలో మూడిళ్లకు ఆ సంగతి చెప్పి వచ్చింది కూడా.

తర్వాతి వారంలో రెండుసార్లు రెండు అంకెలూ పోయాయి. రెండుసార్లూ గంగాదేవి బెంగళూరుకు చేయకుండా టెలిఫోన్ ఆఫీసుకు చేసింది. ఈశ్వరప్ప వచ్చి చూసి అతుకు మార్చి పోయాడు.

జులై ముప్పై ఒకటి, పొద్దున పది గంటలు. ఆఖరి రోజు కాబట్టి జిల్లాకు జిల్లా ఆ వెబ్‌సైటు మీదే పడింది. అంకె రావడానికే ఆలస్యమవుతోంది. ఎడమవైపు ఖాళీగా ఉండి, ఉండి, ఇంక పోయిందనుకునేసరికి రెండొందలు అని రాలుతోంది. గంగాదేవి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు వెబ్‌సైటు గురించే అనుకుంది రామాంజినమ్మ. తర్వాత కుర్చీ కింద తడి చూసింది.

"ఉమ్మనీరు పోయిందే పిచ్చిదానా! ఎంతసేపయింది?"

"ఇప్పుడేలే అవ్వా... ఒక అరగంట."

రామాంజినమ్మ తిట్టిన తిట్లకు లెక్క లేదు. ఆటో పిలిపించింది. పాతచీరలు, ఫ్లాస్కు మూటకట్టింది. కేశవ బళ్లారి దాటి ఎక్కడో ఉన్నాడు. కంబదూరుకు కబురు పోయింది, నల్లమ్మ బస్సెక్కి నేరుగా ఆస్పత్రికే వస్తుంది. ఈ వీధిలో కాన్పు ఎవరిదైనా మంచం పక్కన చెయ్యి పట్టుకుని నిలబడేది రామాంజినమ్మే. నలభై ఏళ్లుగా అదే ఆనవాయితీ, ఆ విషయంలో ఆమెకున్న గర్వం ఇంతా అంతా కాదు. మారెక్క ఒక చెయ్యి, తను ఒక చెయ్యి పట్టి గంగాదేవిని ఆటోలో కూర్చోబెట్టారు. మూట లోపలికి తోసి, రామాంజినమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని కాలు పెట్టబోయింది.

గంగాదేవి ఆమె మణికట్టు పట్టుకుంది. నొప్పి వచ్చి పోయేదాకా మాట రాలేదు.

"నువ్వు రావద్దవ్వా."

"ఏమన్నావే?"

"ఆడ డాక్టరమ్మ ఉండాది, మాయమ్మ వస్తాంది, తోడుకు మారెక్క ఉండాది. ఈడ ఎవురుండారు? అంకెలు చదివేది ఈ ఇంట్లో నాకు నువ్వొక్కదానివే. పోయి దాని ముందర కూర్చో. సాయంత్రం అయిదింటికి పేర్లెక్కించేది మూస్తారు, అందాకా లేవద్దు, ఎవురు పిల్చినా లేవద్దు. నా దగ్గర్నించి కబురొచ్చినా లేవద్దు. ఎడమ పక్క అంకె మారి, కుడి పక్క రెండొందలు నిలబడింటే, గోడ మీద రాసిన బెంగళూరు నంబరుకు చెయ్యి. వెబ్‌సైటు పడిందని ఒక్క మాట చెప్పు, చాలు. గంగాదేవి యాడుండాదని అడిగితే... నేనే గంగాదేవిని అని చెప్పవ్వా."