భాభీ గొంతు కోసం కొన్న ఫోన్

తడి బండల వాసన తగిలితే చాలు, నా మనసు పోయినవాటి లెక్క మొదలుపెడుతుంది. నూట నలభై మూడు వాయిస్ మెసేజీలు, ఒక పాత ఫోన్, ఆఖరికి ఒక మనిషి. పోయినవాటిని ముందు లెక్కపెట్టడం నాకు నేర్పింది ఖాసిం సేటే. తాండూరులో ఆయన బండల పాలిషింగ్ మిల్లులో చేరేనాటికి నా చదువు ఏడో తరగతి. లారీ దిగిన సరుకులో అన్ని మిల్లుల్లోలాగే నేనూ ముందు మంచి బండలు కొలవబోతే, టేపు లాక్కున్నాడు.

"ముందు ఇరిగినయి లెక్కవెట్టు రాములూ. మంచియి ఏడికి పోవు."

గుణకారాలు ఆ తర్వాత, ఆయన పక్కన నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను.

కోత మిషన్ల మోత ఏళ్ల తరబడి ఆయన చెవులను తినేసింది. ఆయన భార్యను మేమంతా భాభీ అనేవాళ్లం. రాయడం రాదు కాబట్టి ఆమె సేటుకు అన్నీ వాయిస్ మెసేజీలే పంపేది: మందులు, కొత్తిమీర, కోపం. ఆమె పోయాక ఇద్దరం కూర్చుని అవన్నీ లెక్కపెట్టాం. అవి వినాలని సేటు తన ఆండ్రాయిడ్ ఫోన్‌ను చెవికి నొక్కిపెట్టుకునేవాడు. చప్పుడు వచ్చేది, మాట తెలిసేది కాదు.

ఆయనకు సరిపడే చెవి మిషన్ ఆ ఫోన్‌తో కలవదనీ, ఐఫోన్ అయితే మాట నేరుగా చెవిలో పడుతుందనీ వికారాబాదులో మిషన్లు అమ్మే ఆయన చెప్పాడు. సేటు నన్ను బేరీజు వేయమన్నాడు. ఆండ్రాయిడ్ చవక, బాగుచేసేవాళ్లు బజారు నిండా ఉన్నారు, ఆయన వేళ్లకు అలవాటు. ఐఫోన్ వైపు ఒక్కటే ఉందన్నాను.

"గా ఒక్కటి మీ భాభీ గొంతు. మిగిలినయన్నీ కొట్టెయ్," అన్నాడు.

వికారాబాదులోనే చెవి మిషన్ కొని, పాత ఫోన్ మార్పిడికి ఇచ్చి ఐఫోన్ తీసుకున్నాం. అన్నీ ఎక్కించానని చెప్పి దుకాణదారు పాతదాన్ని మా ముందే ఖాళీ చేశాడు. నంబర్లు, ఫొటోలు వచ్చాయి. మెసేజీలు మాత్రం ఆ ఫోన్ నుంచి ఈ ఫోన్‌కు వాటంతట అవి రావు. రెండూ చేతిలో ఉండగానే విడిగా తెచ్చుకోవాలి. అది అతనికి తెలియదు, మాకూ తెలియదు. భాభీ పేరు ఉంది, కింద ఏమీ లేదు. చెవి మిషన్ పెట్టుకున్న సేటుకు దుకాణంలో ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినిపిస్తోంది.

తిరిగొచ్చే బస్సులో నా ఫోన్ వెతికితే భాభీ నాకు పంపినవి నాలుగు దొరికాయి; ఆయన కొత్త ఫోన్‌కు పంపాను. అన్నిట్లోనూ ఒకటే మాట, సేటు తిన్నడా, జర చూడు భయ్యా అని. ఆయన కళ్లు మూసుకుని నాలుగూ విన్నాడు.

"నన్నడగక నిన్నడిగింది చూడు," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "నాలుగొచ్చినయి. మిగిలినయి నీ బాకీ."

ఆ వానాకాలం ఆయన దాటలేదు. నేను మాత్రం భాభీ బంధువులు ఎవరు కలిసినా ఫోన్ ఒకసారి వెతకమని అడుగుతూనే ఉన్నాను. పెద్దేముల్‌లో ఆమె చెల్లెలి దగ్గర మూడు దొరికాయి. వినవలసిన మనిషి లేడని ఆమె అంది. నాకూ తెలుసు. అయినా ఆ మూడూ జమ వేసుకున్నాను. ఇంకా నూట ముప్పై ఆరు బాకీ.