నాన్న అరచేతిలో లోహం ముక్క

నాలుగేళ్లుగా లోహాల మీద పరిశోధన చేస్తున్నా, అదేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ ఉక్రోషంతోనే కిందటి మే నెలలో ల్యాబులో చేసిన ఓ లోహం ముక్కని బండి డిక్కీలో వేసుకుని, గుంటూరు దగ్గర నాన్న పనిచేసే కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. మండుటెండలో స్వెట్టరు, మంకీ క్యాపుతో బయటికొచ్చాడు. ముప్పయ్యేళ్లుగా ఆ చలిలో మిర్చి బస్తాలు, అక్కడి మాటలో టిక్కీలు, మోస్తున్నాడు.

“నికెల్, మాంగనీస్, ఇండియం కలిపి కరిగించాం నాన్నా. అయస్కాంతం దగ్గరపెడితే కాస్త వేడెక్కుద్ది, తీసేస్తే చల్లబడుద్ది. ఎప్పటికైనా దీంతో గ్యాసు లేకుండా మీ కోల్డ్ స్టోరేజీ నడపొచ్చు” అంటూ ముక్కని ఆయన అరచేతిలో పెట్టాను.

“అవునమ్మా, చల్లగా తెలుస్తందిగా” అన్నాడు, నన్ను సంతోషపెట్టాలని.

అయస్కాంతం ఇంకా నా సంచిలోనే ఉంది. ఎండకి కాగిన డిక్కీలోంచి తీసేటప్పుడు ఆ ముక్క నా వేళ్లకి చురుక్కుమంది. ఆయన మాత్రం గుప్పిట మూసి అలాగే పట్టుకున్నాడు.

“చేతికి స్పర్శ తెలియట్లేదా నాన్నా?”

“చాన్నాళ్లయిందిలే. మీ అమ్మకి చెప్పమాక” అని ముక్క తిరిగిచ్చి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

నా పని గురించి ఎవరూ అడగరని అన్నాళ్లూ ఉడుక్కున్నాను. ఆయన పని గురించీ ఎవరూ అడగలేదు, నేను కూడా.