రెండో శనివారం ఏరిన కూర

ఎల్లారెడ్డి బడిలో నేను సైన్సు టీచరుగా చేరి అప్పటికి రెండేళ్లు. ఎనభైల తొలి సంవత్సరాలవి. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను, ఫస్టు క్లాసులో పాసయ్యాను. చెట్టూ చేమా గురించి నాకు తెలియనిది ఆ తాలూకాలో ఏదీ లేదని గట్టిగా నమ్మేదాన్ని.

కామారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఎల్లారెడ్డి బస్టాండు గోడ పక్కన వానకాలమంతా ఒక అవ్వ కూర్చునేది. నాగిరెడ్డిపేట వైపు పల్లె నుంచి తొలి బస్సుకు గంపతో వచ్చి, కుప్పలు పోసి ఆకుకూర అమ్మేది. పాలకూర, తోటకూర కాదు. ఎవరూ విత్తనం వేయకుండా చేలల్లో, గట్ల మీద వాటంతట అవే మొలిచేవి.

ఒకరోజు ఒక కుప్ప చూపించి ఇదేమిటని అడిగాను.

"గునుగు కూర బిడ్డా."

"బతుకమ్మకు పెడ్తం గదా, గా గునుగేనా?"

"పువ్వయితే బతుకమ్మకు. లేతగున్నప్పుడు కడుపుకు."

గునుగు శాస్త్రీయ నామం నాకు కంఠతా వచ్చు. ఏ కుటుంబానికి చెందిందో వచ్చు. తింటారని మాత్రం తెలియదు. ఆ సాయంత్రం తీసుకెళ్లి పెసరపప్పులో వేసి వండితే మా ఇంట్లో గిన్నె ఊడ్చేశారు.

మర్నాడే అవ్వను అడిగాను. "మా టీచర్లకు నేర్పుతవా అవ్వా? రెండో శనివారం, ఆదివారం బడికి సెలవు. మీ ఊరికే వస్తం."

అవ్వ పకపకా నవ్వింది. "దీంట్ల నేర్పేదేముంది? కరువుల తిన్న తిండి. నేను వండితే మా కోడలు నలుగురు చూస్తరని తలుపేస్తది."

"మేం తలుపు తెరిచే తింటం."

నవ్వు ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "సరే రాండ్రి. తెల్లారంగనే రావాలె. ఎండెక్కినంక ఆకు వాడిపోతది."

నాతో కలిపి తొమ్మిది మందిమి బయలుదేరాం, అందరమూ ఆడవాళ్లమే. మొదట పేరిచ్చింది మా ఉర్దూ టీచరు. ఆమెది ఎల్లారెడ్డే. రెండు రోజులు అవ్వ ఊరి బడి గదుల్లో ఉండేందుకు అక్కడి హెడ్మాస్టరు తాళంచెవి ఇచ్చారు. శనివారం పొద్దున్నే మేం దిగేసరికి అవ్వ కొంగు నడుముకు చుట్టి సిద్ధంగా నిలబడి ఉంది.

నేను నోటుబుక్కు తీశాను. అవ్వ మమ్మల్ని ఒక మక్కజొన్న చేనులోకి తీసుకెళ్లింది. ముందురోజు రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. గునుగు, ఎలుకచెవుల కూర, పొన్నగంటి, ఒక్కోదాని దగ్గర వంగి, తుంచి, వాసన చూసి, మా చేతుల్లో పెట్టేది. "వేరు పీకొద్దు. కొస తుంచుండ్రి. వారం దినాలకు మళ్ల వస్తది." నేను పక్కనే శాస్త్రీయ నామాలు రాసుకుంటున్నాను. గంటన్నరలో గంప నిండింది. నా నోటుబుక్కులో పదకొండు పేర్లు చేరాయి. ఇంత తేలికా అనుకున్నాను.

అంతలో అవతలి గట్టు నుంచి ఒక రైతు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్! ముట్టకుండ్రి! చేన్లకెల్లి బయటికి రాండ్రి!"

దొంగతనానికి వచ్చామనుకున్నాడని మేం గట్టు వైపు జరిగాం. అవ్వ మాత్రం కదల్లేదు. గంప మీద చెయ్యి వేసి అంది: "మక్క నీది పటేలా. కూర దేవునిది."

"అది తింటే ఆ దేవుని దగ్గరికే పోతరు! నిన్న పొద్దుగాల్ల పురుగు మందు కొట్టిన!"

అవ్వ గంపలోంచి గుప్పెడు కూర తీసి మళ్లీ వాసన చూసింది. "వాసనొస్తలేదు గదా," అంది, అతనితో కాదు, తనతోనే.

"వానకు వాసన పోయింది. మందు పోయిందా?"

అవ్వ గంప ఎత్తింది. పారబోస్తే మేకలు మేస్తాయని గుంట తవ్వి కూరంతా అందులో పోసి మట్టి కప్పింది. అందరం బోరు దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాం. తరువాత అవ్వ గట్టు మీద కూర్చుండిపోయింది.

"చిన్నప్పటి సంది ఈ గట్ల మీద తిరుగుతున్న," అంది. "ఎన్నడు ఎవ్వల్ని అడగలేదు. అడగాల్సిన అక్కెర రాలేదు."

ఆమె ముఖం చూస్తే నాకు బాధేసింది. అంతకన్నా సిగ్గేసింది. మందు సంగతి ఆమెకు కొత్త కావచ్చు. నేను తరగతిలో పురుగుమందుల పాఠం ఏటా చెబుతాను. చేనులో అడుగు పెట్టేముందు ఆ ప్రశ్న అడగాల్సింది నేనే. పదకొండు పేర్లు రాసుకున్నానే గాని ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు. ఆ మాటే పైకి అన్నాను. "తప్పు నీది గాదవ్వా, నాది. చదువుకున్నదాన్ని నేను అడగాలె."

ఇద్దరు టీచర్లు పదకొండు గంటల బస్సుకు వెళ్లిపోతామని లేచారు. అవ్వ తలెత్తి చూసింది. "పోతే పోండ్రి. గని సగం తెలిసినోళ్లు ఏం తెల్వనోళ్ల కన్న ఆగం. మిగిలిన సగం విని పోండ్రి."

వాళ్లు ఆగలేదు. మిగతా ఏడుగురం ఉండిపోయాం.

అప్పటిదాకా నిలబడే ఉన్న రైతు మెత్తబడ్డాడు. ఏ చేనుకు మందు కొట్టారో, దేనికి కొట్టలేదో వేలు పెట్టి చూపించాడు. "గుట్ట మీదికి పోండ్రి. ఆడ సాగు లేదు, మందు లేదు," అన్నాడు. అన్నవాడే ముందు నడిచాడు.

గుట్ట మీద పొదలకు అల్లుకున్న తీగల నిండా బోడకాకరకాయలు. రాళ్ల సందుల్లో తుమ్మికూర. వినాయక చవితినాడు తప్ప తుమ్మిని మేం వండేవాళ్లం కాదు. అవ్వ మళ్లీ వంగింది, మళ్లీ తుంచింది. కొంతసేపటికి ఆమె గొంతు మామూలయింది. ఈసారి ఒక్కో కూర దగ్గర నేను రైతు వైపు చూసి "ఇక్కడ?" అనడం, ఆయన తల ఊపడం, ఆ తరువాతే అందరూ చెయ్యి పెట్టడం. వచ్చేటప్పుడు మోదుగాకులు మోపు కట్టుకొచ్చాం.

మధ్యాహ్నం బడి వరండాలో అవ్వ విస్తర్లు కుట్టడం నేర్పింది. ఆకు మీద ఆకు పెట్టి సన్నని పుల్లతో గుచ్చి, మిగిలింది తుంచెయ్యాలి. నా విస్తరి రెండుసార్లు చినిగింది. ఉర్దూ టీచరు మాత్రం మూడో విస్తరికే అవ్వతో సమానంగా కుట్టేస్తోంది.

"గీమెకు ఎవ్వలు నేర్పిండ్రు?" అంది అవ్వ.

"మా అమ్మీ బీడీలు చేసేది అవ్వా. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి తునికాకు కత్తిరించేదాన్ని. ఆ సంగతి ఈ టీచర్లకు ఎన్నడు చెప్పలే." చెప్పి, ముఖం దించుకోకుండా మా అందరినీ చూసి నవ్వింది. ఆమె చేతులను నేను ఆ రోజే సరిగ్గా చూశాను.

ఆదివారం ఆ విస్తర్లలోనే తిన్నాం. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం వేసిన బోడకాకర, పప్పులో తుమ్మికూర. రైతు కూడా వచ్చి కూర్చున్నాడు. తింటుండగా అవ్వ అతణ్ని అడిగింది: "పటేలా, మందు కొట్టిన చేనికి ఒక కట్టె పాతి ఎర్రగుడ్డ కడ్తవా? నాకు సదువు రాదు. గుడ్డయితే కనపడ్తది."

అతను కట్టాడు. ఆ వారమే అవ్వ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ప్రతి రైతునూ అదే అడిగింది. కొందరు నవ్వారు. మేకలు మేపేవాళ్లు ఆమె వెంట నిలబడ్డాక చాలామంది కట్టారు. మరుసటి నెల మేం వెళ్లేసరికి పచ్చటి చేల మధ్య అక్కడక్కడా ఎర్రగుడ్డలు ఎగురుతున్నాయి. ఈసారి పదహారు మందిమి వెళ్లాం. బస్సెక్కి వెళ్లిపోయిన ఇద్దరూ వచ్చారు. వరండాలో కూర కడుగుతున్నవాళ్లలో అవ్వ కోడలు కూడా ఉంది.

ఆరేళ్లపాటు వానకాలంలో ఏ రెండో శనివారమూ తప్పలేదు. తరువాత నాకు బదిలీ అయింది, ఆ తరువాత ఇంకో మూడు ఊళ్లు తిరిగాను. కొత్త ఊరంటే నాకు బెరుకు పోయింది. బస్సు దిగగానే ఇక్కడ గట్లమీద కూర ఏరేవాళ్లు ఎవరని అడిగేదాన్ని. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఉన్నారు. ప్రతి ఊళ్లోనూ మొదట నవ్వారు, తరువాత నేర్పారు.