రెండు పంచాంగాలకూ కుదిరిన రోజు

మొన్న ఇక్కడ సింగపూర్‌లో ఆఫీసువాళ్ళమంతా హాకర్ సెంటర్లో భోజనానికి కూర్చున్నప్పుడు, కొత్త ఫ్లాట్ తాళాలు అందుకున్న అమ్మాయి ఒకతె, లీజు తొంభై తొమ్మిదేళ్ళేనట, ఆ తర్వాతి సంగతి మనకెందుకు లా, అని ఈ ఊరి యాసలో అని నవ్వింది. అందరితోపాటు నేనూ నవ్వాను. పదిమందిలో వేరుగా ఉండే ధైర్యం నాకెప్పుడూ లేదు. ఇంటికొచ్చి డైరీ తెరిచాక మాత్రం, ఆ తర్వాతి సంగతిని తన సంగతిగా పట్టించుకున్న ఒక పెద్దాయన గుర్తొచ్చారు.

నా చిన్నతనంలో మేం బుకిట్ పంజాంగ్‌లో, లిఫ్టు లేని ఓ పాత ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఈ ఊళ్ళో అద్దె ఇళ్ళలో పెరిగిన మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఇల్లు చూపించేటప్పుడే ఘాటు వంటలు కుదరవని యజమానులు ఎలా షరతు పెట్టేవారో. అమ్మ అలాంటి వంటిళ్ళలో కిటికీలు బిగించుకుని, ఇంగువ వాసన ఎవరికి తగులుతుందోనని దొంగలా పోపు పెట్టేది. ఈ అపార్ట్‌మెంట్ కొని సొంత ఇంట్లో చేరిన రోజు కిటికీ బార్లా తెరిచి ఎండుమిరపకాయలు వేయించిందనీ, మెట్లమీద వెళ్ళేవాళ్ళంతా దగ్గారనీ నాన్న చెప్పి నవ్వేవారు.

ఇల్లు మాదే అయినా నేల ప్రభుత్వానిది, లీజు తీరితే ఇల్లూ దానికే పోతుంది. లీజు తరిగిపోతోందని, గడువు పొడిగించమని అర్జీ పెడదామని అక్కడి యజమానులంతా అనుకున్నారు. దానికి ఒక్కరు తగ్గకుండా అందరి సంతకాలూ కావాలట. మా కింది ఇంటి చైనీస్ అంకుల్ ఒక్కరే కుదరదన్నారు. సెంబవాంగ్ ఓడల యార్డులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. రెండుసార్లు సమావేశమైతే రెండుసార్లూ ఇవాళ కాదన్నారు. వెనకాల ఎవరూ లేనివాడికి గడువుతో పనేమిటి, మొండితనం కాకపోతే, అని అందరూ అనేసుకున్నారు. మూడోసారీ కాదంటే ఆ ప్రయత్నమే మానేద్దామన్నారు. అలాగైతే ధర పడిపోకముందే ఇల్లు అమ్మేసి అద్దెకు పోదామని నాన్న తేల్చేశారు. ఆ మాట విన్నప్పటినుంచి అమ్మ వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా దించడం మొదలుపెట్టింది, అప్పుడే అద్దెకు వెళ్ళిపోయినట్టు.

పత్రాల్లో అమ్మ పేరూ ఉంది కాబట్టి మూడో సమావేశానికి ఆమెనూ రమ్మన్నారు. కార్లు నిలిపేచోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కాగితం చేతికిస్తే అమ్మ కళ్ళజోడు మరిచిపోయానంది. అది ఆమె నెత్తిమీదే ఉంది.

"వర్జ్యం ఇంకా పోలేదే, కాస్త ఆగు," అని నా చెవిలో గొణిగింది. బెజవాడ పంచాంగానికి రెండున్నర గంటలు కలిపి ఆమె లెక్క వేసుకునేది.

అంతలో కాగితం అంకుల్ దగ్గరికి వెళ్ళింది. "టుడే కెన్నాట్ లా," అన్నారాయన.

"ఎవ్రీటైమ్ కెన్నాట్! దెన్ వెన్ కెన్?" అని ఎవరో దెప్పారు. ఆయన తలదించుకుని ఒళ్ళోని సంచీని దగ్గరికి తీసుకున్నారు. అందులోంచి, మేకుకు తగిలించుకునేందుకు ఎర్రదారం కట్టిన లావుపాటి పుస్తకం తొంగిచూస్తోంది. అమ్మ దాన్ని చూసింది.

"ఓసి, ఈయనా మనలాగే మంచిరోజు చూస్తున్నాడే! అడుగు, అడుగు!"

అంతమందిలో నోరు తెరవడం నాకు చావుతో సమానం. ఇవాళ రోజు మంచిది కాదా అంకుల్, అని ఎలాగో అడిగాను. ఆయన ముఖం విప్పారింది. "ఆహ్ గర్ల్, యూ నో ఆహ్? టుడే బ్రేకింగ్ డే. సైన్ వాట్ అల్సో బ్రేక్!" వాళ్ళ పంచాంగంలో అలాంటి రోజున ఏ సంతకం పెట్టినా ఆ పని చెడుతుందట. చదువుకున్నవాళ్ళు నవ్వుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదట.

సమావేశం నడిపే కమిటీవాళ్ళు నిజంగానే నవ్వారు, కానీ వారం గడువిచ్చారు. మర్నాడు ఆయన పుస్తకంతో మా ఇంటికొచ్చారు. భోజనాల బల్లమీద రెండు పంచాంగాలూ పక్కపక్కన పరిచారు. పుస్తకాలంటే ప్రాణమిచ్చే నాకు ఆ రెంటిలో ఏదీ సరిగా చదవరాదు. అయినా వేలుపెట్టి తేదీలు కలుపుతూ పోయాను. మాకు నెల ముగిసే అమావాస్య నాడే ఆయనకు నెల మొదలవుతోంది. మా పున్నమి దగ్గరే ఆయన పదిహేనో రోజూ ఉంది. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరి పెద్దలు, ఎన్ని తరాలనుంచో ఒకే చంద్రుణ్ణి చూసి రాసుకుంటున్నారు.

"యువర్ బుక్ ఇండియా టైమ్, మై బుక్ చైనా టైమ్, హౌస్ సింగపూర్ టైమ్. హౌ?" అని అంకుల్ పకపకా నవ్వారు. చివరికి ఇద్దరికీ నచ్చిన ఒక గురువారం ఉదయం దొరికింది.

పిల్లలు లేని మీకెందుకింత పట్టింపు అని అమ్మ నాచేత అడిగించింది. అడగలేక అడిగాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. "మై టైమ్ ఫినిష్ ఆల్రెడీ. దిస్ వన్ యువర్ టైమ్. బ్యాడ్ డే స్టార్ట్, యూ ఆల్ సఫర్," అన్నారు. నేను తెలుగులో చెప్పాక అమ్మ తన పంచాంగంలో ఆ గురువారం కింద గీత గీసింది.

ఆ గురువారం ఇద్దరూ సంతకాలు పెట్టారు. పాత లీజు చివర మరికొన్నేళ్ళు చేరి గడువు పెరిగింది, ఇల్లు నిలిచింది. కొన్నేళ్ళకు అంకుల్ పోయారు. ఇప్పుడు ఆయన ఇంట్లో ఉంటున్న జంట మంచివాళ్ళే, లిఫ్టు లేని మెట్లమీద ఎదురైతే తలూపి పోతారు. అమ్మ పంచాంగం ఫోన్లోకి వచ్చేసింది. సింగపూర్ సమయం అదే చూపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. చోవా చూ కాంగ్‌లో విడిగా ఉంటున్న నేను ఏ కాగితమైనా ఫోన్లోనే, రైల్లో నిలబడే ఆమోదిస్తాను. ఆ రోజు ఎలాంటిదో నాకు తెలియదు.

అమ్మానాన్నలు ఇప్పుడు గడుపుతున్నవి ఇంకా పాత లీజులోని ఏళ్ళే. అంకుల్ మంచిరోజు చూసి తెచ్చిన ఏళ్ళు ఇంకా మొదలుకాలేదు.